వాడ – బడి 9: చివరి ఆరు వారాల లెక్క చెప్పండి

మార్చి నడిమికొచ్చేసరికి మన సర్కారు బళ్ళు ఒంటిపూటకు మారతాయి. ఏప్రిల్ నాలుగో వారానికి తాళం పడుతుంది. మధ్యలో మిగిలేది ఐదారు వారాలు. ఆ వారాల్లో ప్రైమరీ బడిలో ఏం జరుగుతోంది? సారుకు పదో తరగతి పరీక్షల ఇన్విజిలేషన్ డ్యూటీ. మిగిలిన రోజుల్లో సిలబస్ పరుగు. ఆ తర్వాత పరీక్ష, మార్కుల ఎంట్రీ. వాచకంలో ఒక పేరా కూడబలుక్కుని కూడా చదవలేని నాలుగో తరగతి మాదిగ పిల్ల వారమంతా ఏం చేస్తుంది? బోర్డు మీది జవాబులు దించుకుంటుంది. నోట్సు నిండుతుంది, చదువు మాత్రం రాదు.

"వాళ్ళ ఇళ్ళల్లో చదువు వాతావరణం లేదండీ" అంటారు. అయ్యా, కూలికి పోయే తల్లి బిడ్డను బడికి పంపేదే ఇంట్లో లేనిది అక్కడ దొరుకుతుందని! ట్యూషన్ ఉన్న పిల్లకు బడి ఒక దారి. వాడ పిల్లకు ఉన్నదే ఆ దారి.

ఇది దయాదాక్షిణ్యాల సంగతి కాదు. 2009 విద్యాహక్కు చట్టం సెక్షన్ 24 చదవండి. ప్రతి బిడ్డ నేర్చుకునే శక్తిని అంచనా వేసి, అవసరమైతే అదనంగా చెప్పడం టీచరు విధి అని రాసి ఉంది. ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 గంటల బోధన ఉండాలని అదే చట్టం షెడ్యూలు చెబుతోంది. అంటే రోజుకు 4 గంటలు. ఏకోపాధ్యాయ బడిలో ఐదు తరగతులకు ఆ 4 గంటలు పంచితే ఒక్కో తరగతికి వచ్చేది 48 నిమిషాలు. అరవై మంది లోపు పిల్లలున్నా ఇద్దరు టీచర్లుండాలన్నది కూడా ఆ షెడ్యూలే. కాబట్టి టీచరునొక్కడినే తిట్టి చేతులు దులుపుకుంటే కుదరదు. రెండో టీచరును ఇవ్వని ప్రభుత్వాన్ని ముందు నిలబెట్టాలి.

ఇవేవీ ఇవ్వకుండానే 2019లో చట్టాన్ని సవరించి, ఐదు, ఎనిమిది తరగతుల్లో పిల్లల్ని ఆపేసే వీలు రాష్ట్రాలకు ఇచ్చారు. ఫెయిలైతే అదనపు బోధన చేసి రెండు నెలల్లో మళ్ళీ పరీక్ష పెడతారట! ఏడాదంతా దొరకని ఆ అదనపు బోధన, బడికి తాళమున్న మే నెలలో ఎక్కడి నుంచి ఊడిపడుతుంది? అలా ఆగిపోయిన పిల్ల పత్తి చేనుకో, మిరప కోతకో పోతుంది. "డ్రాపౌట్" అని రాసుకుంటారు. తనంతట తానే మానేసినట్టు!

భాగ్యరెడ్డి వర్మ హైదరాబాదులో ఆది హిందూ పిల్లలకు బళ్ళు పెట్టింది హాజరు పట్టీలు నింపడానికి కాదు.

విద్యార్థి మిత్రులారా, సెలవులకు ఊరొస్తారు కదా. సెక్షన్ 21 ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, మన వాడలకూ దామాషాలో చోటుండాలి. అమ్మల్ని వెంటబెట్టుకుని పోయి ప్రతి శనివారం మూడు సంగతులు అడగండి: ఈ వారం ఎన్ని రోజులు పాఠం జరిగింది? చదవడం రాని పిల్లలెందరు? వాళ్ళకు విడిగా ఎన్ని గంటలు చెప్పారు? జవాబు కాగితం మీద తీసుకోండి. ఇవ్వకపోతే దరఖాస్తు పెట్టండి.

పరీక్ష పిల్లలకు పెట్టే ముందు బడికి పెడదాం.

జై భీమ్.