కళ్లజోడులో కాలేయం కనిపిస్తే చాలా?

సర్జన్ తలకు పెద్ద కళ్లజోడు, ఆయన ముందు గాల్లో తేలే రంగురంగుల కాలేయం. ఆసుపత్రుల ప్రచారంలో ఇలాంటి బొమ్మలు కనిపిస్తున్నాయి. ఇంట్లో ఒకరికి కాలేయ ఆపరేషన్ అవసరమైతే ‘అది ఉన్నచోటికే వెళ్దామా?’ అనిపించడం సహజం. నిజానికి ఇందులో ఉన్నవి రెండు వేర్వేరు పనులు.

మొదటిది వర్చువల్ రియాలిటీ. ఇది ఆపరేషన్‌కు ముందు పని. సీటీ, ఎమ్మారై చిత్రాల నుంచి ఆ రోగి కాలేయానికే త్రీడీ నమూనా తయారుచేస్తారు. రక్తనాళాల ఆధారంగా కాలేయాన్ని 8 భాగాలుగా లెక్కిస్తారు. ఆ నాళాల అల్లిక అందరిలో ఒకేలా ఉండదు. గడ్డ ఏ నాళాన్ని ఆనుకుని ఉంది, ఎక్కడ కోస్తే ఎంత మిగులుతుంది అన్నది ముందే తేల్చుకోవచ్చు. ఆరోగ్యంగా ఉన్న కాలేయం పావు వంతుకు కాస్త అటూఇటుగా మిగిలినా మళ్లీ పెరుగుతుంది. సిరోసిస్ ఉంటే సుమారు 40 శాతమైనా మిగలాలి. మన దేశంలో కాలేయ మార్పిడికి ఎక్కువగా భార్యో, కొడుకో, తోబుట్టువో దాతలవుతారు. కాబట్టి ఈ లెక్క తప్పితే ముప్పు రోగికొక్కరికే కాదు. అయితే కళ్లజోడు లేకుండా మామూలు కంప్యూటర్ తెర మీదా ఈ లెక్క కట్టొచ్చు, కడుతున్నారు కూడా.

రెండోది ఆగ్మెంటెడ్ రియాలిటీ. ఆపరేషన్ జరుగుతుండగా ఆ నమూనాను అసలు కాలేయం మీద పరిచి చూపడం. చిక్కంతా ఇక్కడే. ఎముక ఉన్నచోటే ఉంటుంది. కాలేయం మెత్తటిది, ఊపిరి తీసినప్పుడల్లా కదులుతుంది. చుట్టూ పట్టి ఉంచే పొరలను విడదీసి పక్కకు తిప్పగానే ఆకారమే మారిపోతుంది. కీహోల్ పద్ధతిలో పొట్టలోకి గ్యాస్ నింపితే మరికాస్త మారుతుంది. స్కాన్ నాటి బొమ్మ దాని మీద సరిగ్గా ఎలా అతుకుతుంది? కొన్ని మిల్లీమీటర్ల తేడా వచ్చినా అక్కడ పెద్ద సిర ఉండొచ్చు. అందుకే థియేటర్‌లో ఇప్పటికీ అల్ట్రాసౌండ్ మీదే ఎక్కువ ఆధారపడతారు. ఐసీజీ అనే రంగు ఎక్కించి, ప్రత్యేక కెమెరాలో కాలేయ భాగాల సరిహద్దును ఆకుపచ్చగా మెరిపించే పద్ధతీ ఉంది. అది అప్పటికప్పుడు కనిపించే దృశ్యం, పాత బొమ్మ కాదు. ప్రయోగాల్లో బాగా వాడిన హోలోలెన్స్ 2 కళ్లజోడు తయారీని మైక్రోసాఫ్ట్ 2024లో ఆపేసింది. ఇదీ గుర్తుంచుకోదగ్గదే.

కాబట్టి డాక్టర్‌ను అడగాల్సింది కళ్లజోడు గురించి కాదు. ఈ బృందం ఏటా ఇలాంటి ఆపరేషన్లు ఎన్ని చేస్తోంది? కోత తర్వాత ఎంత శాతం మిగులుతుంది? దాత ఉంటే ఆయనకెంత మిగులుతుంది? త్రీడీ నమూనా తయారుచేసి ఉంటే, సంతకం పెట్టే ముందు అది మాకూ చూపిస్తారా?