దీపం ముందు ఫ్లాషెందుకండీ?

మొన్న కార్తీక పౌర్ణమినాడు మా దాచేపల్లిలో నాగులేటి ఒడ్డున దీపాలు వదులుతుంటే, మా ఆడపడుచు కూతురు అరటిదొప్పలో దీపం పట్టుకుని నిలబడింది. చామనఛాయ పిల్ల. దీపం వెలుగు గడ్డం కిందనుంచి పైకి పాకి, ముక్కుపుడక దగ్గర తళుక్కుమని, చెంపల మీద పసుపు రాసినట్టు ఆగింది. వెనకంతా చీకటి. సంబంధాలవాళ్ళకి పంపటానికి పనికొస్తుందని ఫోటో తీయించారు. ఠపీమని ఫ్లాషు వెలిగింది.

తీరా చూస్తే ఏముంది! పిల్ల ముఖం సున్నం కొట్టిన గోడ. దీపం వెతుక్కోవాలి. ఏరు లేనే లేదు, ఎవరో వెనక నల్లగుడ్డ కట్టినట్టుంది. మా వదినగారు మాత్రం, "ఎంత తెల్లగా పడిందో చూడు!" అని మురిసిపోయింది.

అదుగో, అక్కడే నాకు ఒళ్ళు మండింది.

కెమేరా తప్పూ కొంత ఉందిలెండి. ఎదుట ఏమున్నా సగటున మధ్యరకం బూడిదరంగనే అది లెక్కవేస్తుంది. వెనకంతా నల్లగా ఉంటే, వెలుతురు చాలలేదనుకుని ఇంకాస్త లాగుతుంది. చీకటి బూడిదవుతుంది, ముఖం వెలిసిపోతుంది. ఇక ఫ్లాషంటారా, దూరం రెట్టింపయితే దాని వెలుగు నాలుగోవంతుకి పడిపోతుంది. దగ్గరున్న ముఖాన్ని కాల్చేస్తుంది, ఏటిదాకా పోనే పోదు. శివరాత్రికి కోటప్పకొండలో 80, 90 అడుగుల ప్రభలు కరెంటు దీపాలతో ధగధగలాడుతుంటే, వాటిమీదికి కూడా ఫ్లాషు కొట్టే మహానుభావులున్నారు. ఆ వెలుగు ముందువరస గుండ్లని దాటితే ఒట్టు!

ఇంకో విడ్డూరం వినండి. వెనకటి ఫిలిం రోజుల్లో రంగులు సరిచూసుకోవటానికి కోడక్ కంపెనీ లాబరేటరీలకి నమూనా బొమ్మలు పంపేది. వాటిమీద ఉండేది తెల్లజాతి పడుచు. షర్లీ కార్డులని పేరు. నల్లవాళ్ళ ముఖాలు మసిబొగ్గుల్లా పడుతున్నా చాలాకాలం సాగింది. చివరికి చాక్లెట్లవాళ్ళూ, కొయ్యసామానువాళ్ళూ తమ సరుకు రంగు సరిగా పడటంలేదని గొడవ చేశాకే కదిలారట. ఆడపిల్ల ముఖానికి లేని విలువ చాక్లెట్టుకుంది! ఆ ఫిలిం పోయింది గాని, మన కళ్ళల్లో షర్లీ ఇంకా తిష్ఠ వేసుక్కూర్చుంది.

"కాస్త తెల్లగా ఉంటే నష్టమేమిటే?" అంటుంది మా వదిన. పెళ్ళిచూపుల్లో కూర్చున్న పిల్లనడగాలి ఆ మాట. వచ్చినవాళ్ళు ఒకసారి ఫోటోనీ, ఒకసారి ముఖాన్నీ చూసి, "ఫోటోలో కాస్త రంగున్నట్టుందే" అంటారు. అప్పుడు తల వంచుకునేది ఫ్లాషు కొట్టినవాడు కాదు, మురిసిన తల్లీ కాదు.

మర్నాడు చీకటిపడ్డాక మా వసారాలో ప్రమిద వెలిగించి, నేనే తీశాను. సెల్‌ఫోను స్టూలు మీద ఆనించి, ఫ్లాషు ఆపి, తెరమీద ముఖాన్ని వేలితో తాకి, పక్కనొచ్చే సూర్యుడి బొమ్మని కిందికి జరిపాను. రెండు క్షణాలు కదలొద్దన్నాను. అంతే, కాణీ ఖర్చు లేదు. చీకటి చీకటిగానే ఉంది, దీపం దీపంగా ఉంది, చామనఛాయ చామనఛాయగా మెరుస్తోంది.

పిల్ల చాలాసేపు చూసుకుని, "ఇదే పంపండి అత్తయ్యా" అంది.

మొదటి ఫోటోని ఇద్దరం కలిసి చెరిపేశాం. పొరపాటున పోయిందని చెప్పాం. ఈ వారం పత్రిక మా వదినగారి కంట పడకుండా చూడాలి.