ముక్కనుమ నాడు ఒక పూట మిల్లు ఊరికి

విజయనగరం దాటి పలాస వైపు సాగే రైలు దారిలో తగిలే ఊళ్ళ పేర్లు వరసగా చదివితే చాలు, ఉత్తరాంధ్ర పరిశ్రమల చరిత్ర సగం చదివినట్టే. నెల్లిమర్లలో జూట్ మిల్లు. గరివిడిలో ఫేకర్ ఫెర్రో అల్లాయిస్ కర్మాగారం, ఆ చుట్టుపక్కల 1890ల నుంచి తవ్విన మాంగనీసు గనులు. పొందూరులో సన్న ఖాదీ. ఆమదాలవలసలో సహకార చక్కెర ఫ్యాక్టరీ. దేశంలో మాంగనీసు తవ్వకానికి తొలి పలుగు పడింది ఈ విజయనగరం నేల మీదే. ఇక్కడి కోడూరు గని పేరుతోనే ఒక రాతికి కోడురైట్ అని శాస్త్రవేత్తలు నామకరణం చేశారు. అలాంటి చోట ఇప్పుడు ఆమదాలవలస ఫ్యాక్టరీ మూతబడి ఏళ్ళు గడిచిపోయాయి. ఫెర్రో అల్లాయిస్ తయారీలో కరెంటుదే పెద్ద ఖర్చు కాబట్టి, ఛార్జీలు పెరిగినప్పుడల్లా గరివిడికి గుండె దడ పుట్టింది.

ఈ ఊళ్ళ పిల్లలు హైదరాబాదు, చెన్నై, బెంగళూరు, ఇంకా సముద్రాల అవతల స్థిరపడ్డారు. భోగికి దిగి, కనుమ అయ్యాక తిరిగి వెళ్ళిపోతారు. ఈ విజ్ఞప్తి వాళ్ళ కోసం. ముఖ్యంగా మిల్లు జీతంతో చదువుకున్నవాళ్ళ కోసం.

నెల్లిమర్లనే తీసుకుంటే, చంపావతి ఒడ్డున ఉన్న ఈ మిల్లు వయసు వందేళ్ళ పైమాటే. దాని వెనక ఒక పంట ఉంది: గోగు. ఆకు గోంగూర పచ్చడికి, కాండం నారకి. రైతులు మోపులు కట్టి చెరువుల్లో, గుంటల్లో ఊరబెట్టి, మోకాటి లోతు నీళ్ళలో నిలబడి నార తీసేవారు. ఒకప్పుడు భీమునిపట్నం రేవు నుంచి ఎగుమతయ్యేది కనుక బయటి వ్యాపారులు దాన్ని బిమ్లీ జూట్ అన్నారు. 1947లో దేశం చీలినప్పుడు జూట్ పండే పొలాల్లో ఎక్కువ భాగం తూర్పు పాకిస్తానుకు పోయి, మిల్లులు ఇటు మిగిలాయి. అప్పుడు గోగుకు గిరాకీ పెరిగింది. ఆమదాలవలస వ్యవసాయ పరిశోధన స్థానం ఈ పంట మీదే ఏళ్ళ తరబడి పనిచేసి కొత్త వంగడాలు తెచ్చింది.

మిల్లులోకి వచ్చిన నార మీద నూనె, నీళ్ళు చల్లి మెత్తబరుస్తారు. తర్వాత కార్డింగ్, డ్రాయింగ్, స్పిన్నింగ్, వైండింగ్, చివరకు మగ్గాలు, కుట్టు. ఏ దశలో నార ఎంత తడిగా ఉండాలో వేళ్ళతో తాకి చెప్పగలిగిన మనుషులు ఆ ఖాతాల్లో, అంటే మిల్లు విభాగాల్లో, ఉండేవారు. ఆ నైపుణ్యం ఏ పుస్తకంలోనూ లేదు. ముక్కులోకి, ఊపిరితిత్తుల్లోకి పోయిన నార ధూళి లెక్క కూడా ఎక్కడా రాసి లేదు. ఈ పనికి మనవాళ్ళు ఎంత దూరమైనా వెళ్ళారు. హుగ్లీ ఒడ్డున టిటాగఢ్ జూట్ మిల్లుల్లో చేరిన తెలుగువాళ్ళ మనవలు, మునిమనవలు ఇప్పటికీ అక్కడ ఉన్నారు.

తర్వాత ప్లాస్టిక్ సంచి వచ్చింది. తిండిగింజల్ని జనప సంచుల్లోనే నింపాలని 1987లో కేంద్రం చట్టం చేసింది గానీ, ఉత్తరాంధ్రలో గోగు చేలు తగ్గుతూనే పోయాయి. నార కొరత, పాత యంత్రాలు, లేఆఫ్, లాకౌటు, మళ్ళీ తెరవడం, మళ్ళీ మూయడం. 1994 జనవరిలో నెల్లిమర్లలో ఆందోళన చేస్తున్న కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపితే ఐదుగురు చనిపోయారు. గోస్తనీ నది పక్కన చిట్టివలస జూట్ మిల్లు 2009లో మూతబడింది.

మిల్లు ఆగితే కార్మికుడి సేవా కాలమూ ఆగుతుంది. కాగితాల గొడవ మొదలయ్యేది అక్కడే. 1995 నవంబరు 16న అమల్లోకి వచ్చిన ఉద్యోగుల పింఛను పథకం కింద పదేళ్ళ సర్వీసు ఉంటే 58 ఏళ్ళకు పింఛను వస్తుంది. కార్మికుడు చనిపోతే భార్యకు వస్తుంది. కనీస పింఛను 2014 సెప్టెంబరు నుంచి నెలకు 1,000 రూపాయలు. చిన్న మొత్తమే. కానీ మందులకు కొడుకుని అడగక్కర్లేకుండా చేసే మొత్తం అది. దాన్ని అడ్డుకునేవి అంతకంటే చిన్న విషయాలు. పీఎఫ్ పుస్తకంలో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనక. పుట్టిన తేదీ చోట ఊహించి రాసిన జులై ఒకటి. బదిలీ కార్మికుడిగా, అంటే పనికి రానివాళ్ళ స్థానంలో, పనిచేసిన ఏళ్ళు ఒక చోట ఉంటే, పర్మినెంటు అయ్యాక చేసిన ఏళ్ళు ఇంకో చోట. గేటుకు తాళం పడితే దిద్దుబాటు కాగితం మీద సంతకం పెట్టే మేనేజరు ఉండడు. అలాంటప్పుడు గెజిటెడ్ అధికారి, బ్యాంకు మేనేజరు వంటివాళ్ళ ధ్రువీకరణతో దరఖాస్తు చేసుకునే వీలుంది. ఈ సంగతి డెబ్బై ఏళ్ళ నేతకార్మికుడికి ఎవరు చెప్పాలి?

ఆన్‌లైన్ పనే బతుకుతెరువైన ఆ ఊళ్ళ పిల్లలు ప్రతి సంక్రాంతికీ ఆ వీధుల్లోనే తిరుగుతున్నారు. మిల్లు గేటు దగ్గర ఫోటో దిగి, పాత రోజుల్ని తలచుకుని బాధపడతారు. ఆ బాధ నిజమైనదే. దానికి ఒక పూట పని తోడవ్వాలి. ముక్కనుమ నాడు ఒక అరుగు మీదో, రామాలయం పందిట్లోనో లాప్‌టాప్ పెట్టుకుని నలుగురు కూర్చుంటే ఇంటింటి ట్రంకుపెట్టెల్లోంచి కాగితాలు వస్తాయి. పాత జీతం చీటీలు, గేటు పాసు, పీఎఫ్ చీటీ, ఈఎస్‌ఐ కార్డు పనికొస్తాయి. ఫారం 10-డి నింపడం, పేరు సరిచేయించడం, ఏటేటా ఇవ్వాల్సిన జీవన ప్రమాణ పత్రాన్ని ఫోనులో ముఖం చూపించి పంపడం పెద్ద విద్యలేం కావు. వితంతువుల ఇళ్ళకు మాత్రం ముందు వెళ్ళాలి. వాళ్ళు అరుగు దాకా రారు.

రెండో పని ఫోనులోని రికార్డరుతో. స్కాట్లాండ్‌లోని డండీ ఒకప్పుడు ప్రపంచ జూట్ రాజధాని. అక్కడ మిల్లులు పోయాక కార్మికుల జ్ఞాపకాల్ని గొంతులతో సహా భద్రపరిచారు. వెర్డంట్ వర్క్స్ అనే పాత మిల్లును బాగుచేసి 1996లో మ్యూజియంగా తెరిచారు. నెల్లిమర్లకూ చిట్టివలసకూ భవనం దక్కుతుందో లేదో, గొంతులు దక్కించుకోవడం మాత్రం మనవలు మనవరాళ్ళ చేతిలో పని. “తాతా, ఏ ఖాతాలో చేసేవాడివి? మొదటి జీతం ఎంత?” అని మొదలుపెడితే చాలు. 1994 నాటి సంగతి కూడా అడగాలి. చెప్పగలిగినవాళ్ళు ఏటికేడు తగ్గిపోతున్నారు.

తీసిన ప్రతి రికార్డు కింద మనిషి పేరు, ఖాతా, పనిచేసిన సంవత్సరాలు రాసి, ఒక ప్రతి ఆ ఇంటికి, ఒక ప్రతి ఊరి గ్రంథాలయానికి, ఒకటి యూనియన్ వాళ్ళకి ఇవ్వాలి. అసలు కాగితాలు ఎవరి దగ్గరా ఉంచుకోకూడదు. ఫోటో తీసుకుని అప్పటికప్పుడే తిరిగిచ్చేయాలి. ఈ పండక్కి వచ్చేవాళ్ళు టికెట్టు కొనేటప్పుడే తిరుగు ప్రయాణం ఒక రోజు ఆలస్యంగా పెట్టుకోవాలనీ, అమ్మానాన్నలకు ఫోను చేసి వీధిలో పింఛను రాని ఇళ్ళు ఏవో ముందే రాసి ఉంచమనాలనీ విజ్ఞప్తి.