ఎయిర్‌బ్యాగు తెరుచుకొనకున్న జవాబుదారి యెవరు?

హైదరాబాదునుండి వరంగల్లు పోవు 163వ నంబరు జాతీయ రహదారి మీద, బీబీనగరము దాటి భువనగిరి కోటగుండు కనబడు మేరకు వచ్చునప్పటికి, నంబరు పలక యింకను బిగింపని కొత్త కార్లు యాదగిరిగుట్ట వైపు సాగిపోవుచుండుట ఆ దారిన నిత్యము తిరుగువారికి పరిచితమైన దృశ్యమే. షోరూమునుండి తిన్నగా గుట్టకు వచ్చి, పూజ చేయించి, చక్రముల క్రింద నిమ్మకాయలు త్రొక్కించి, బానెట్టు మీద పసుపు కుంకుమలతో స్వస్తికము దిద్దించి, లక్ష్మీనరసింహస్వామివారి చిన్న విగ్రహ మొకటి కొని డ్యాష్‌బోర్డు మీద అంటించుట మన ప్రాంతపు ఆచారము. ఆచారమును నేను తప్పుపట్టను. కాని కొన్ని కార్లలో ఆ విగ్రహము, ముందుసీటుకు ఎదురుగా ఎయిర్‌బ్యాగు అను అక్షరములు చెక్కియున్న పలక మీదనే నిలిచియుండును; ఢీకొన్నప్పుడు ఆ పలక చీలి, సెకనులో సుమారు ముప్పదియవ వంతు కాలములో లోపలి సంచి వాయువుతో ఉబ్బి బయటికి రావలసియుండగా, దానిపై నున్న వస్తువు తూటావలె ఎదుటివాని ముఖమునకు తగులునని అంటించినవారికి ఎవరును చెప్పియుండరు.

ఒకప్పుడు ధనికుల కార్లకే పరిమితమైన యీ సాధనము, 2019 జూలై 1 నుండి డ్రైవరు వైపునను, 2021లో ప్రక్కసీటు వైపునను నిర్బంధమైనది. కావున అది తెరుచుకొనకపోయినను, తెరుచుకొని గాయపరచినను, నష్టమునకు బాధ్యు లెవరను ప్రశ్న ఇప్పుడు సామాన్య గృహస్థుని ప్రశ్న. మనవారికి ప్రమాదమనగానే తోచునది మోటారు ప్రమాదాల ట్రిబ్యునలులో వేయు క్లెయిము. అందు ప్రతివాదులు డ్రైవరు, యజమాని, ఇన్సూరెన్సు కంపెనీ మాత్రమే. కారు తయారు చేసినవాడు ఆ గుమ్మము త్రొక్కడు. వానిని పిలువగలది వినియోగదారుల కమిషను.

ఈ విషయమున సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్ 20న హ్యుందాయ్ కంపెనీ అప్పీలులో చెప్పిన తీర్పు ప్రతి కారు యజమానియు తెలిసికొనదగినది. 2015లో క్రెటా కారు కొన్న ఒకానొక వినియోగదారుడు, 2017 నవంబరులో ఢిల్లీ–పానిపట్టు రహదారిపై ప్రమాదమున చిక్కి, కారు ముందుభాగము నుజ్జయినను ఎయిర్‌బ్యాగులు తెరుచుకొనకపోవుటచే తలకును, ఛాతికిని, దంతములకును గాయములు పొందెను. నిర్ణీత బలముతో తాకిననే సంచులు తెరుచుకొనుననియు, ఆ సంగతి మాన్యువలులో వ్రాసియే యున్నదనియు, నిపుణుని సాక్ష్యము లేదనియు కంపెనీ వాదించినది. న్యాయస్థానము ఆ వాదమును త్రోసిపుచ్చి, వేగమును బలమును లెక్కగట్టుటకు వినియోగదారుడు భౌతికశాస్త్రవేత్త కానక్కరలేదనియు, ముందునుండి ఢీకొన్నచో సంచి తానై తెరుచుకొనునని కొనువాడు అనుకొనుట సహజమే యనియు, ముందుభాగము ఆ విధముగా చితికియుండగా వస్తువే తన లోపమును చెప్పుకొనుచున్నదనియు నిర్ణయించినది. క్రింది కమిషను విధించిన 3 లక్షల రూపాయల పరిహారమును, కారు మార్చి యిమ్మన్న ఆదేశమును స్థిరపరచుటయే గాక, ఇట్టి లోపమునకు శిక్షాత్మక పరిహారము తగుననియు, దానిని కంపెనీ స్తోమతను బట్టి కూడ లెక్కింపవలెననియు పలికినది. 3 లక్షలు పెద్దకంపెనీకి టీ ఖర్చు. కాని ఈ చివరి మాట మాత్రము చిన్నది కాదు.

ఆ కేసు 1986 నాటి పాత చట్టము క్రింద నడచినది. 2020 జూలై 20న అమలులోనికి వచ్చిన కొత్త వినియోగదారుల రక్షణ చట్టము ఇంకను ముందుకు పోయి, తయారీలో లోపమున్నదని తేలినచో, తయారీదారు తన అజాగ్రత్త లేదని నిరూపించుకొన్నను బాధ్యత తప్పదని 84వ సెక్షనులో స్పష్టముగా చెప్పుచున్నది. ఇంతకంటె కోరవలసిన దేమున్నదని యెవరైన అడుగవచ్చును. ఉన్నది, అది లోపమును తేల్చు మార్గము. ఎయిర్‌బ్యాగును నడిపించు ఎలక్ట్రానిక్ పెట్టెలో, ఢీకొన్న క్షణపు వివరములు నేటి కార్లలో పెక్కింట నమోదగును. దానిని చదువు పరికరములు సామాన్యముగా కంపెనీవారి చేతిలో నుండును. అనగా సాక్ష్యమంతయు ప్రతివాది యింట నున్నది. గాయపడినవాడు ఆసుపత్రి మంచముపై నుండగనే కారు బాగుచేయ పనికిరానిదని సర్వేయరు తేల్చును, ఇన్సూరెన్సు డబ్బు చేతికి వచ్చును, తుక్కు కొనువాడు కారును ఈడ్చుకొనిపోవును. దానితో ఆ పెట్టెయు పోవును. ప్రమాదమునకు గురియైన వాహనమును మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు పరీక్షించునప్పుడు, సంచులు తెరుచుకొన్నవా లేదా, బెల్టు పెట్టుకొన్న జాడ యున్నదా లేదా, ఆ పెట్టె ఎవరి స్వాధీనమున నున్నది అను మూడు సంగతులు తప్పక వ్రాయవలెననియు, అందలి నమోదును అడిగిన బాధితునికి కంపెనీ ఉచితముగా ఇయ్యవలెననియు, ఇయ్యనిచో లోపమున్నట్లే భావింపవలెననియు నిబంధన చేయుట నా దృష్టిలో న్యాయము.

యజమాని బాధ్యత యేమియు లేదని నేననుట లేదు. 2018 ఆగస్టు 29న నల్లగొండ సమీపమున అన్నెపర్తి వద్ద నందమూరి హరికృష్ణ గారు కారునుండి బయటికి విసరివేయబడి మరణించినప్పుడు, ఆయన సీటు బెల్టు పెట్టుకొనలేదని పోలీసులు చెప్పిరి. సంచి బెల్టునకు తోడేగాని బదులు కాదు. 2024లో కేరళలోని మలప్పురం జిల్లాలో తల్లి ఒడిలో ముందుసీటున కూర్చున్న రెండేండ్ల బిడ్డ, ఎయిర్‌బ్యాగు తెరుచుకొన్న ప్రమాదములోనే ప్రాణము కోల్పోయెను. పెద్దవాని కొరకు కట్టిన సంచి పసివానిని కాపాడజాలదు; బిడ్డల స్థానము వెనుకసీటే. వాడుకరి వస్తువును మార్చియుండిన, విక్రేతపై దావా నిలువదని 87వ సెక్షను చెప్పుచున్నది. ముందు బిగించు ఇనుప గార్డులను కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే కూడదన్నది. సీటు ప్రక్కనుండి తెరుచుకొను సంచికి మందపు సీటు కవరు అడ్డు. కాని ఆ గార్డును, ఆ కవరును, కొన్ని చోట్ల కారుతోపాటు షోరూమువారే బిల్లు వేసి బిగించి పంపుదురు! వస్తువును విక్రేతయే మార్చి, ఆ మార్పే హానికి ముఖ్యకారణమైనచో అతడును బాధ్యుడని 86వ సెక్షను చెప్పుచుండుట ఇక్కడ గుర్తుపెట్టుకొనదగినది. ఆ బిల్లు పారవేయకుడు.

సంచి తెరుచుకొనుటయే ఆపదయైన ఉదంతమును టకాటా కంపెనీ చరిత్రలో చూడవచ్చును. ఆ జపాను కంపెనీ వాయువు పుట్టించుటకు వాడిన అమ్మోనియం నైట్రేటు, వేడికిని తేమకును ఏండ్లతరబడి లోనై చెడి, గుళికను ప్రేల్చి, ఇనుపముక్కలను మనుషుల మెడలలోనికి చిమ్మినది. కోట్లాది సంచులను వెనుకకు పిలువవలసి వచ్చి, 2017లో ఆ కంపెనీ దివాలా తీసినది. లోపమున్న వాహనములను వెనుకకు పిలుచు అధికారమును మన మోటారు వాహనాల చట్టపు 110ఎ సెక్షను కేంద్రమునకు ఇచ్చియున్నది. కాని మూడుచేతులు మారిన పాత కారును భువనగిరిలో కొన్న రైతునకు కంపెనీ ఉత్తరము చేరుట కష్టము. అది మొదటి యజమాని చిరునామాకు పోవును. రిజిస్ట్రేషను బదిలీ చేయునాడే, ఆ కారుపై రీకాల్ పెండింగు ఉన్నదేమో ఆర్టీఏ కార్యాలయమువారు చూచి చెప్పుట కష్టసాధ్యమైన పని కాదు.

ఫిర్యాదునకు ఢిల్లీకి పోనక్కరలేదు. బాధితుడు నివసించు చోటి జిల్లా కమిషనులోనే వేయవచ్చును; 5 లక్షలు దాటి 10 లక్షల లోపు వెలగల కారునకు రుసుము 200 రూపాయలు; గడువు రెండు సంవత్సరములు. అయితే కారును తుక్కువానికి అప్పగించుటకు ముందే, ముందుభాగమునకును, సంచి తెరుచుకొనని స్టీరింగునకును, బెల్టునకును ఫోటోలు తీసి, ఎలక్ట్రానిక్ పెట్టెను కదల్పవద్దని కంపెనీకిని ఇన్సూరెన్సువారికిని స్పీడు పోస్టున నోటీసు పంపవలెను.