ఇంటర్వ్యూ ముందు ఆ ట్యూబు కొంటున్నారా?

ప్లేస్‌మెంట్ల సీజన్ వచ్చిందంటే బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల హాస్టళ్లలో రెజ్యూమెతో పాటు ముఖం మీద మొటిమల గురించీ దిగులు మొదలవుతుంది. వారంలో ఇంటర్వ్యూ. అందుకే చాలామంది స్కిన్ డాక్టర్ దగ్గరికి కాకుండా నేరుగా మందుల షాపుకి వెళ్లి 'మొటిమలకు ఏదైనా క్రీము ఇవ్వండి' అంటారు. ఇచ్చే ట్యూబులో స్టెరాయిడ్ ఉంటే అసలు సమస్య అక్కడే మొదలవుతుంది.

చట్టం ఏమంటోంది?
పూత మందుల్లో వాడే 14 రకాల స్టెరాయిడ్లను కేంద్ర ఆరోగ్య శాఖ 2018 మార్చిలో షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. షెడ్యూల్ హెచ్ 1945 నాటి డ్రగ్స్ రూల్స్‌లో భాగం. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవచ్చు. రూలు ఉన్నా, చీటీ అడగకుండా అమ్మేవాళ్లూ, చీటీ లేకుండా కొనేవాళ్లూ ఉన్నారు.

ఎందుకు కొంటారు?
మొదట్లో పనిచేసినట్టే కనిపిస్తుంది కాబట్టి. స్టెరాయిడ్ ఎరుపును, వాపును అణిచేస్తుంది, రంగు తేలినట్టు అనిపిస్తుంది. వాడకం సాగేకొద్దీ చర్మం పలచబడుతుంది, సన్నని రక్తనాళాలు బయటికి కనిపిస్తాయి, మొటిమలు ఇంకా పెరుగుతాయి. ఆపితే మంట, ఎరుపు. అది భరించలేక మళ్లీ రాస్తారు. దేశంలోని 12 చర్మ వైద్య కేంద్రాల్లో ముఖ చర్మ సమస్యలతో వచ్చిన 2,926 మందిని పరిశీలించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో 433 మంది, అంటే దాదాపు 15 శాతం, ముఖానికి స్టెరాయిడ్ రాస్తున్నట్టు తేలింది. వాళ్లలో ఎక్కువగా కనిపించిన దుష్ప్రభావం మొటిమలే!

ట్యూబు మీద బీటామెథాసోన్, మొమెటాసోన్, క్లోబెటసాల్, ఫ్లూటికాసోన్ లాంటి పేర్లుంటే అది స్టెరాయిడే. నెలల తరబడి వాడుతున్నవాళ్లు సొంతంగా ఆపేయకుండా డాక్టర్‌కు చూపించి ఆపాలి.

ప్రతి పొక్కూ మొటిమ కాదు
చర్మంలో ఊరే జిడ్డు, మృతకణాలు కలిసి రంధ్రాన్ని మూసేస్తే లోపల బ్యాక్టీరియా పెరిగి వాపు వస్తుంది. అదే మొటిమ. దుమ్ము వల్లే అనుకుని రోజుకు అయిదారుసార్లు సబ్బుతో రుద్దితే చర్మం పొడిబారి మండుతుందే తప్ప మొటిమ తగ్గదు. రెండుసార్లు మృదువైన ఫేస్‌వాష్ చాలు. నుదురు, ఛాతీ, వీపు మీద ఒకే సైజులో, దురదగా వచ్చే పొక్కులు ఫంగస్ వల్ల కావచ్చు. మన ఉక్కపోతలో ఇవి సహజం. వీటికి మందు వేరు. ఎండాకాలపు చెమటకాయలు ఇంకోరకం, వాటికి చల్లదనం, గాలి తగలడం ముఖ్యం.

ఏది సురక్షితం?
మామూలు మొటిమలకు బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం జెల్, రాత్రిపూట అడాపలీన్ 0.1 శాతం వాడుక. రెండూ డాక్టర్ సలహాతోనే. మొదట్లో కాస్త మంట, పొడిబారడం ఉంటాయి. పెరాక్సైడ్ తగిలితే తువాళ్లు, దిండు గలీబులు రంగు వెలుస్తాయి. ఫలితానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. గర్భిణులు అడాపలీన్ వాడకూడదు. ఐసోట్రెటినాయిన్ మాత్రలైతే కడుపులోని బిడ్డకు తీవ్ర హాని చేస్తాయి, డాక్టర్ పర్యవేక్షణ లేకుండా ముట్టుకోవద్దు. మొటిమల్ని గిల్లితే మచ్చలు మిగులుతాయి.

గడ్డల్లా నొప్పిగా ఉన్నా, మచ్చలు పడుతున్నా ఆలస్యం చేయొద్దు. ఫీజు భారమైతే సిద్ధార్థ మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మ వ్యాధుల విభాగం ఉంది.

మూడు నెలల్లో ఇంటర్వ్యూలు ఉంటే చికిత్స ఈ రోజే మొదలుపెట్టండి. మూడు రోజులే ఉంటే ముఖాన్ని దాని మానాన వదిలేసి సబ్జెక్టు చూసుకోండి. బోర్డు అడిగేది దాని గురించే.