బండి పుట్టుపూర్వోత్తరాలు అడగండి



పంట డబ్బు చేతికొచ్చాక పాత కారో, ట్రాలీ ఆటోనో కొందామని హైదరాబాదుకు బయలుదేరేవారు మన సంఘాల్లో ఉన్నారు. అమీర్‌పేట, పంజాగుట్ట వైపు ఏ డీలరు దగ్గరో మెరుగుపెట్టిన బండి కనిపిస్తుంది. అద్దం మీద వాక్యం అంటించి ఉంటే ‘మనవాళ్ళ బండే’ అని మనసు కుదుటపడుతుంది. బయానా ఇచ్చేముందు ఒక్క రోజు ఆగండని మా మనవి.

యిర్మీయా ప్రవక్త అనాతోతులో పొలం కొన్నది పినతండ్రి కుమారుడైన హనమేలు దగ్గర. అది దేవుడు కొనమన్న పొలం. అయినా ఆయన 17 తులముల వెండి తూచి ఇచ్చి, క్రయపత్రం రాసి, ముద్ర వేసి, సాక్షులను పెట్టాడు. ఆ పత్రాలను మంటికుండలో దాచమన్నాడు (యిర్మీయా 32). కాబట్టి కాగితాలు అడగడం అవిశ్వాసం కాదు, అవమానమూ కాదు.

మొదట ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు ఆర్.సి.తో సరిచూడండి. బండి నంబరుతో తెలంగాణ రవాణా శాఖ వెబ్‌సైటులో వివరాలు, పోలీసుల ఈ-చలాన్ వెబ్‌సైటులో కట్టని జరిమానాలు చూడవచ్చు. మీకు చేతకాకపోతే సంఘ యౌవనస్థుల సాయం తీసుకోండి. పంజాగుట్ట నుండి మెట్రోలో రెండో స్టేషను ఖైరతాబాదు. అక్కడ రవాణా శాఖ కార్యాలయం ఉంది, వెళ్ళి విచారించండి.

ఆర్.సి.లో ఫైనాన్సు కంపెనీ పేరుంటే, బాకీ తీరిందని ఆ కంపెనీ ఇచ్చే పత్రం, కంపెనీ సంతకమున్న ఫారం 35 చేతికి రానిదే డబ్బు ఇవ్వకండి. పాత యజమాని ఎగ్గొట్టిన వాయిదాలకు మీ వాకిట్లోని బండిని పట్టుకుపోతారు. ఇన్సూరెన్సు కాగితాలు, సర్వీసు రికార్డు కూడా అడగండి. మీటరు తిప్పినా, దెబ్బ తిన్న బండికి రంగు వేసినా అక్కడ తెలిసే అవకాశం ఉంది. నమ్మకమైన మెకానిక్కును వెంట తీసుకెళ్ళండి.

2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం పాత బండ్ల డీలరుకు రిజిస్ట్రేషను అధికారి ఇచ్చిన అనుమతి పత్రం ఉండాలి. దాన్ని చూపమనండి.

కొన్నాక ఫారం 29, 30 మీద సంతకాలు చేయించి 30 రోజుల్లో రిజిస్ట్రేషను మార్పుకు దరఖాస్తు పెట్టాలి. ఇన్సూరెన్సు మార్పుకు 14 రోజులే గడువు. ‘తర్వాత చూద్దాం’ అనవద్దు.

మనం బండి అమ్మేటప్పుడూ ఇదే న్యాయం. పలు చేతులు మారిన ఒక కారు వల్ల ప్రమాదం జరిగితే, రిజిస్ట్రేషను ఎవరి పేరున మిగిలి ఉందో వారే పరిహారానికి బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పేరు మార్పించే వరకు వదలకండి. బండికి తగిలిన దెబ్బను కొనేవాడికి ముందే చెప్పండి. పొరుగువానిని ప్రేమించడం బేరం దగ్గర కూడా మన సాక్ష్యమే.