మొకం పట్టకపోతే ముద్ద ఆపేస్తారా?

2025 జులై 1 నుంచి అంగన్‌వాడీల్లో కొత్త రూలు వచ్చింది. గర్భిణీలకీ, బాలింతలకీ ఇంటికిచ్చే సరుకు ఇవ్వాలంటే ముందు పోషణ్ ట్రాకర్ యాప్‌కి మొకం చూపెట్టాలి. దొంగపేర్లు పోతాయి, అసలు మనిషికే అందుతాది అని చెప్తన్నారు. మాట మంచిదే. మరి మన పాడేరు, అరకు కొండల్లో అదెలా నడుస్తాదో మనం అడగాలి కదా.

ముందు ఆ ఫోను ఏటి చేస్తాదో తెలుసుకుందాం. దానికి మనిషి తెలీదు. కెమెరాలో పడ్డ మొకాన్ని అంకెల వరసగా మార్చుకుంటాది. ముందే దాచిన ఫొటో అంకెలతో పోల్చి, రెండూ ఎంత దగ్గరో లెక్కేస్తాది. ఇంత దగ్గరైతే ‘అవును’, అంతకి తగ్గితే ‘కాదు’ అని ఒక గీత ఉంటాది. ఆ గీత గీసింది మనుషులే. దాన్ని పైకి జరిపితే దొంగలు తగ్గుతారు, అసలోళ్లు కూడా కొందరు బయటే ఉండిపోతారు. కిందకి దించితే అసలోళ్లు ఎక్కువమంది వస్తారు, దొంగలూ కొందరు దూరతారు. అంటే ఎవరి నష్టాన్ని ఓర్చుకోవాలో ముందే ఎవరో తేల్చేసినట్టే.

ఆ చూపు అందరి మీదా ఒకేలా పనిచెయ్యదు కూడా. 2018లో అమెరికాలో జాయ్ బులాంవినీ, టిమ్నిట్ గెబ్రూ అనే ఇద్దరు ఆడోళ్లు మూడు కంపెనీల సాఫ్ట్‌వేర్లని పరీక్షించేరు. మొకం చూసి ఆడో మగో చెప్పడం వాటి పని. తెల్లటి మగోళ్ల దగ్గర నూటికి ఒక్క తప్పు కూడా లేదు. నల్లటి ఆడోళ్ల దగ్గర ఒకదాని తప్పులు 34.7 శాతం దాకా వెళ్లేయి. మన యాప్ చేసేది వేరే పని, ఆ తర్వాత సాఫ్ట్‌వేర్లూ బాగుపడ్డాయి. పాఠం మాత్రం మారలేదు: ఎవరి ఫొటోలు ఎక్కువ పెట్టి నేర్పితే వాళ్లనే అది బాగా చూస్తాది.

మన దగ్గర ఇంకో చిక్కు. మొదటిసారి పేరు ఎక్కించడానికి ఆధార్‌కి ముడిపెట్టిన ఫోనుకి ఓటీపీ రావాలి. ఆ ఫోను పట్టుకుని మొగుడు వలసపోతే? సిగ్నల్ కోసం గుట్టెక్కే గూడెంలో నెలలు నిండిన మనిషి ఏటి చేస్తాది?

ఇదే కంప్యూటర్ చూపుని పోలీసోళ్లు కూడా మన కొండల మీద వాడతన్నారు. గంజాయి తోటలు వెతకడానికి డ్రోన్లు ఎగరేస్తన్నారు. అక్కడ డ్రోన్ చూపెట్టిన చోటికి మనుషులు నడిచెళ్లి, కళ్లతో చూసేకే మొక్క పీకుతారు. గంజాయి మొక్క విషయంలో యంత్రం మాట ఆఖరి మాట కాదు. బాలింత కూడు విషయంలో ఎందుకు ఆఖరిదవ్వాలి?

ఆ సరుకు ఎవరో పెట్టే దానం కాదు. 2013 ఆహార భద్రత చట్టం ఇచ్చిన హక్కు. ఇవ్వకపోతే బదులు భత్యం ఇవ్వాలని కూడా ఆ చట్టంలోనే ఉంది. గూడెంలో ఎవరికి ఎన్నో నెలో అంగన్‌వాడీ అక్కకి నోటికొచ్చు. ఆమె ‘ఈవిడే’ అంటే చెల్లాలి.

యంత్రం వద్దని నేననట్లేదు. అది ‘కాదు’ అన్నా ఆ రోజు సరుకు ఆ రోజే ఇచ్చీయాలి. పేరు, కారణం కాగితం మీద రాసుకోవాలి. తప్పెక్కడుందో తేల్చే పని ఆఫీసుది. ఎంతమందిని యాప్ కాదందో నెలనెలా గ్రామసభలో చదివి వినిపించాలి. ఫోను వాడటం తెలిసిన కుర్రాళ్లం మనం. మన అంగన్‌వాడీకెళ్లి ఈ లెక్క అడుగుదాం. లెక్క లేదంటే, ఆపిన ప్రతి పేరూ మనమే రాసి గ్రామసభలో పెడదాం.